‘చివరకు మిగిలేది’: తల్లి తప్పు, ఇంటి మౌనం

ఏలూరులో 1916లో జన్మించిన బుచ్చిబాబు (శివరాజు వెంకట సుబ్బారావు) నవల ‘చివరకు మిగిలేది’ 1946-47 ప్రాంతంలో ‘నవోదయ’ పత్రికలో ధారావాహికగా వెలువడింది. కథానాయకుడు దయానిధి ఎవరినీ ప్రేమించలేకపోవడానికి తల్లి ప్రవర్తనే మూలమన్న నిర్ణయం ఈ నవలా విమర్శలో తరచుగా వినిపిస్తుంది. ఈడిపస్ భావన, హామ్లెట్ పోలిక దానికి బలం చేకూర్చాయి. అయితే నవలలోని లోకం తల్లిపై వేసిన నిందను విమర్శ కూడా యథాతథంగా స్వీకరించిందేమో పరిశీలించాలి.

తల్లి చేసిన తప్పేమిటో రచయిత ఎక్కడా దృశ్యమానం చేయలేదు. దయానిధికి అది చేరేది ఊరి చూపుల్లో, ఎత్తిపొడుపుల్లో. హామ్లెట్ తల్లిని ఆమె మందిరంలోనే నిలదీస్తాడు. దయానిధికి ఆ అవకాశం లేదు. ప్రశ్న తేలకుండానే ఆమె మరణిస్తుంది. అతణ్ణి వెంటాడేది తప్పు కాదు, తప్పు గురించిన మౌనం.

ఇక్కడ గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ గుర్తుకు రాక తప్పదు. అందులో తండ్రి వంశప్రతిష్ఠ నిలబెట్టమని నోరు తెరిచి చెప్పిన మాటే సీతారామారావుకు ఉరితాడవుతుంది. మాట కనుక దానిని అతడు ధిక్కరించవచ్చు, వెక్కిరించవచ్చు. చివరిదాకా దానితో పెనుగులాడతాడు. దయానిధికి పెనుగులాడడానికైనా ఒక వాక్యం దొరకదు. అందుకే కోమలి ఎదుటా, సుశీల ఎదుటా అతడు ఆలోచనల్లోకే జారుకుంటాడు. దీనిని తాత్త్వికత అనడం అతిగౌరవం. చాలాచోట్ల అది తప్పించుకోవడమే.

అమృతం పాత్రతో ఈ పఠనానికి కీలకమైన ఆధారం లభిస్తుంది. వివాహిత అయిన అమృతానికి పుట్టిన బిడ్డ దయానిధి సంతానమన్న సూచన నవలలో ఉంది. లోకానికి తెలిస్తే అమృతం కూడా దయానిధి తల్లి నిలబడిన చోటే నిలబడాలి. ఆ బిడ్డ కూడా దయానిధిలాగే గుసగుసల మధ్య పెరగాలి. అయినా పాఠకుడు అమృతాన్ని దోషిగా చూడలేడు; రచయిత ఆమెకు అంత ఆర్ద్రతనిచ్చాడు. ఆమెను అర్థం చేసుకున్న కళ్ళతో వెనక్కి తిరిగి చూస్తే తల్లి పాత్ర మారిపోతుంది. విచిత్రమేమంటే ఆ మౌనానికి బలైన దయానిధే ఇప్పుడు దానిని కాపాడే తండ్రి.

నవలకు ఒక లోపం లేకపోలేదు. పెద్దల నిర్ణయాల మధ్య నలిగి, పుట్టింట చిక్కుకుని, చివరకు జబ్బుతో మరణించే భార్య ఇందిరకు రచయిత అంతరంగమివ్వలేదు. కుటుంబం ఎక్కువగా అణచివేసిన మనిషి ఆమే కావచ్చు. అమృతానికి దక్కిన పుటలతో పోలిస్తే ఆమెకు దక్కినవి చాలా తక్కువ.