నీటికి ధర, నీటిపై హక్కు: ఒక పరిశీలన

కెనడా దేశపు ఆర్థికవేత్త జె.హెచ్. డేల్స్ 1968లో వెలువరించిన ‘పొల్యూషన్, ప్రాపర్టీ అండ్ ప్రైసెస్’ చిన్న గ్రంథమే. అయినా నీటి విషయమై ప్రభుత్వాల ఆలోచనను మలుపు త్రిప్పిన గ్రంథాలలో అది ఒకటి. నదిలో ఎంత మలినం కలియవచ్చునో ఒక అధికార సంస్థ ముందుగా నిర్ణయించాలి. ఆ మేరకే హక్కులను అమ్మాలి. కొన్నవారు వాటిని తమలో తాము మార్చుకోవచ్చు. తక్కువ ఖర్చుతో మురుగును శుద్ధి చేయగలవాడు ఆ పని చేసి, తన హక్కును ఎక్కువ ఖర్చయ్యేవానికి అమ్ముకుంటాడు. నది శుభ్రపడుతుంది, ఖర్చూ తగ్గుతుంది. ఇదీ ఆయన వాదం. నీటి పంపకానికి కూడా ఇదే తర్కాన్ని వర్తింపజేసినవారు అనేకులు. ఆస్ట్రేలియాలోని మర్రే-డార్లింగ్ పరీవాహక ప్రాంతంలో 1995లో వాడకానికి పరిమితి విధించారు. క్రమంగా నీటి హక్కును భూమి నుండి విడదీసి క్రయవిక్రయాలకు పెట్టారు.

గ్రంథకర్తకు న్యాయం చేయవలసిన చోటు ఒకటున్నది. హద్దును బజారు నిర్ణయిస్తుందని ఆయన ఎక్కడా అనలేదు. హద్దు సమాజం గీయవలసినది. ఆ హద్దులోపల చౌకదారి వెదకడమే బజారు పని. ఆయన పేరు చెప్పి నీటిని అంగడికెక్కించాలనే వారిలో చాలామంది మొదటి మాటను విడిచి రెండవదాన్ని మాత్రమే పట్టుకున్నారు.

ఈ వాదాన్ని నెల్లూరు జిల్లా పడమటి మెట్టకు, దుత్తలూరుకు తెచ్చి చూడాలి. ఉదయగిరి ప్రాంతపు భూగర్భజలంలో ఫ్లోరైడు ఉన్నది. మద్రాసు రాజధానిలో ఫ్లోరోసిస్ వ్యాధిని గురించి 1937లో వైద్య పరిశోధకులు ప్రకటించిన తొలి వివరాలు నాటి నెల్లూరు జిల్లావే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఆ పదార్థాన్ని ఇక్కడి నీటిలో ఏ కర్మాగారమూ కలపలేదు. అది రాతిలో నుండి వచ్చేది. కలిపినవాడు లేనిచోట మలినపు హక్కును ఎవరికి అమ్ముతారు? డేల్స్ పథకం నదీ తీరంలో కర్మాగారాలున్న దేశాన్ని మనసులో పెట్టుకొని వ్రాసినది. బోరుబావులపై బ్రతికే మెట్టకు అది అతకదు.

అయితే బజారు మాత్రం ఇక్కడికి ఎప్పుడో వచ్చింది. ఫ్లోరైడు ఊళ్లలో శుద్ధిచేసిన నీటిని డబ్బాలలో కొని త్రాగడం సాధారణమైపోయింది. 2014లో రాష్ట్ర ప్రభుత్వం ఆరంభించిన ‘ఎన్టీఆర్ సుజల స్రవంతి’ పథకం కూడా 20 లీటర్లు రెండు రూపాయలకన్న ధరతోనే మొదలైంది. శుద్ధి యంత్రం మంచినీటిని ఒక ప్రక్కకిచ్చి, ఫ్లోరైడు చిక్కబడిన మిగులు నీటిని మరో ప్రక్కకు వదులుతుంది. ఆ మిగులుకు ధర లేదు గనుక అది బజారు లెక్కలోకి రాదు. కాలువలోకో నేలలోకో పోతుంది. డేల్స్ కోరిన హద్దు లేకుండా ఆయన మెచ్చిన అంగడి మాత్రమే ఉన్నచోట జరిగేది ఇదే.

సేద్యపు నీటి సంగతి మరీ చిక్కు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం తన నేల క్రింది నీటిని తోడుకొనే స్వేచ్ఛ భూస్వామిది. ఆ చట్టం మొదట వర్తించిన ప్రాంతాలలో మద్రాసు రాజధాని ఒకటి. 2004 నుండి సేద్యానికి ఉచిత విద్యుత్తు వచ్చింది గనుక తోడటానికి ఖర్చూ అంతంత మాత్రమే. ఇక లోతైన బోరు వేయగలవాడే నీటి యజమాని. బోరు ఎండిన పొరుగువాడు పైకమో పంటలో వాటాయో ఇచ్చి అతని వద్ద తడులు కొంటాడు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) త్రాగునీటి ప్రజా వనరుకు 250 మీటర్ల లోపల కొత్త బావి కూడదన్నది. ఫిఖ్హ్ ఎరిగినవారికి ఇది క్రొత్త మాట కాదు. పశువులు నీరు త్రాగే బావికి 40 మూరల హరీమ్, ఊటకు 500 మూరల హరీమ్ అని హనఫీ గ్రంథాలు ఏనాడో విధించాయి.

ఇక్కడ మన వేదికల మీది ప్రసంగాలను కూడా విమర్శించక తప్పదు. నీరు, గడ్డి, నిప్పులలో ప్రజలందరూ భాగస్వాములన్న హదీసును వినిపించి, ఇస్లాంలో నీటి విక్రయమే నిషిద్ధమని తేల్చివేయడం పరిపాటి అయింది. ధర్మశాస్త్రజ్ఞులు అంత తొందరపడలేదు. పాత్రలో పట్టిన నీరు పట్టినవాని సొత్తు, దాన్ని అమ్మవచ్చు. కనుక డబ్బా నీటి వర్తకుణ్ణి నిందించడానికి ఆధారం లేదు. బావిలోని నీటి విషయంలో మనుషులకు, పశువులకు దాహం తీర్చుకొనే హక్కు (షఫా) వేరు, పొలం తడిపే వంతు (షిర్బ్) వేరు. దాహంతో ప్రాణాపాయంలో ఉన్నవానికి యజమాని నీరు నిరాకరిస్తే ఆయుధంతోనైనా పోరాడి తీసుకోవచ్చునని ‘హిదాయా’ చెబుతున్నది. షిర్బును భూమి నుండి విడదీసి అమ్మడం హనఫీ మూల అభిప్రాయం ప్రకారం చెల్లదు. బల్ఖ్ పండితులు మాత్రం తమ ప్రాంతపు వాడుకను బట్టి అనుమతించారు. అంటే మర్రే-డార్లింగ్‌లో చేసిన పనిని గురించిన చర్చ మన మద్రసా పుటలలో శతాబ్దాల నాడే జరిగిందన్నమాట.

తెలుగులో ‘హక్కు’ అరబీ ‘హఖ్’ నుండి వచ్చినదే. కాని వాడుకలో అది సొత్తుకూ, వాడుకొనే అర్హతకూ రెండింటికీ చెల్లుతున్నది. ఫిఖ్హ్‌లో మిల్క్ వేరు, హఖ్ వేరు. ‘నీటి హక్కుల బజారు’ అన్న అనువాదంలో ఈ తేడా కనబడకుండా పోతుంది.

రూమా బావి వృత్తాంతాన్ని కూడా సగమే చెబుతుంటారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) దాన్ని బలవంతంగా తీసుకోలేదు, కొన్నారు. కొన్ని ఉల్లేఖనాల ప్రకారం మొదట సగం వాటా కొని, దినం తప్పించి దినం వంతు పెట్టుకున్నారు. ఆయన వంతునాడు ముస్లిములు రెండు రోజులకు సరిపడా ఉచితంగా తోడుకొనడంతో రెండవవానికి గిరాకీ లేక మిగతా సగాన్నీ అమ్మివేశాడు. ఇది బజారులో జరిగిన బేరమే. కొన్న నీరు మాత్రం మళ్లీ బజారుకు రాలేదు. హక్కులను వాడకుండా ఉంచడానికే కొనేవారుంటారని డేల్స్ కూడా ఊహించాడు. ఆయనలో మనవారికి నచ్చదగిన భాగం అదే.

మలినపు హక్కుల ఆచరణ సంగతి క్లుప్తంగా. అమెరికాలోని ఫాక్స్ నదిపై 1981లో పెట్టిన పథకంలో తొలి సంవత్సరాలలో జరిగిన బదిలీ ఒక్కటే. ఆస్ట్రేలియాలో హంటర్ నది ఉప్పునీటి పథకం నడిచింది. నదిలో ప్రవాహం హెచ్చుగా ఉన్నప్పుడే వదలాలన్న కట్టుబాటు అక్కడ ముందుగా ఉన్నది. మన ప్రక్కనే పాలారు తోళ్ల కర్మాగారాల విషయంలో 1996లో సుప్రీంకోర్టు కలుషితం చేసినవాడే మూల్యం చెల్లించాలన్నది. ఆ పరిశ్రమలో ముస్లిం యజమానులు అనేకులని ఇక్కడ దాచనవసరం లేదు.

దుత్తలూరుకు ముందు కావలసినది హద్దు: ఈ ఏడు నేలలో ఎంత నీరున్నది, త్రాగడానికి ఎంత తీసి పెట్టాలి, మిగిలితే పైరుకెంత. మహ్‌జూర్ వాగు విషయంలో దైవప్రవక్త (స) పై పొలం వానికి చీలమండల వరకే నీరు నిలుపుకొని క్రిందికి వదలమన్నది ఇలాంటి కొలతే. 2000వ దశకంలో ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాలలో రైతులే వర్షాన్నీ, బోర్ల నీటిమట్టాన్నీ కొలిచి, పైరు వేయకముందే ఊరి నీటి లెక్క వేసుకున్నారు. అక్కడ హక్కు పత్రాలు లేవు, బేరాలు లేవు. పొరుగున ఉన్న ప్రకాశం ఆ ఏడింటిలో ఒకటి. నెల్లూరు అందులో లేదు.