పేరున్న కవి, పేరులేని చిత్రాలు

కళాకారుడు తన పనిని నలుగురి ముందు ఎందుకు పెడతాడన్న ప్రశ్నకు మనకు అలవాటైన జవాబులు రెండు: కీర్తి, ధనం. రవీంద్రనాథ్ టాగోర్ చిత్రాల విషయంలో ఈ రెండూ అంతగా పొసగవు. 1930 మే నెలలో పారిస్‌లోని పిగాల్ గేలరీలో తన చిత్రాలను మొదటిసారి ప్రదర్శనకు పెట్టేనాటికి ఆయన డెబ్భయికి చేరువలో ఉన్నాడు. నోబెల్ బహుమతి వచ్చి పదహారేళ్ళు దాటింది. విశ్వభారతికి డబ్బు అవసరం ఎప్పుడూ ఉండేదే అయినా, దానికోసం ఆయన ఎన్నుకున్న దారి ఉపన్యాసయాత్రలు. కొత్తగా రావలసిన పేరు లేదు. ఉన్న పేరు చెడే ప్రమాదం మాత్రం ఉంది.

ఈ చిత్రాల పుట్టుక కూడా ప్రదర్శన కోసం కాదు. రాతప్రతుల్లో కొట్టివేతలను ఒకదానితో ఒకటి కలుపుతూ పోతే అవే పక్షులు, మృగాలు, ముఖాలు అయాయి. 1924లో బ్యూనస్ ఐరెస్ దగ్గర తన ఆతిథ్యంలో ఉన్న కవి నోటుపుస్తకంలో ఈ గీతలు చూసి ముచ్చటపడిన విక్టోరియా ఒకాంపోయే, ఆరేళ్ళ తర్వాత పారిస్ ప్రదర్శనకు పూనుకుంది. ఆయన చిత్రకళ ఎక్కడా క్రమంగా అభ్యసించలేదు. అయితే అన్నకొడుకులు అవనీంద్రనాథ్, గగనేంద్రనాథ్ పేరుమోసిన చిత్రకారులు; శాంతినికేతన్ కళాభవన్‌లో నందలాల్ బోస్ ఉన్నాడు. చూసి చెప్పగలవారు ఇంట్లోనే ఉండగా పారిస్ దాకా ఎందుకు వెళ్ళినట్టు?

ఇక్కడ ఒక వైరుధ్యం కూడా ఉంది. 1913 నవంబరులో, నోబెల్ వార్త విని అభినందించడానికి కలకత్తా నుంచి ప్రత్యేక రైలులో వచ్చిన ప్రముఖులను ఆయన నొప్పించాడు. విదేశీయులు మెచ్చాక గాని తనవాళ్ళు గుర్తించలేదన్నది ఆయన కినుక. అటువంటి మనిషి చిత్రాల విషయంలో తానే ముందుగా విదేశీయుల తీర్పు కోరాడు! దీన్ని ఆత్మవంచన అనడం తేలిక. నాకు మాత్రం కారణం మరొకటనిపిస్తుంది.

గీతాంజలిని ఆయనే ఇంగ్లీషు చేశాడు. తర్వాతి కాలంలో ఆ అనువాదాలపట్ల ఆయనకే అసంతృప్తి కలిగింది. బెంగాలీలోని నాదం దాటిరాలేదని ఆయనకు తెలుసు. గీతకు ఆ ఇబ్బంది లేదు. పైగా కలకత్తాలో ఏ బొమ్మనైనా ఇది భారతీయమా కాదా అన్న చర్చలోకి లాగుతారు. కవి వేసిన బొమ్మలో కవిత్వం వెతుకుతారు. ఆయనకు కావలసింది మెప్పుకంటె ముందు, తన భాష తెలియని కన్ను. చిత్రాలకు పేర్లు పెట్టకపోవడాన్ని కూడా ఇలాగే అర్థం చేసుకోవాలి. జీవితమంతా మాటలతో గడిపినవాడు, మాట సాయం లేకుండా తన చేతిపని నిలబడుతుందా లేదా అని పరీక్షించుకున్నాడు.

పరీక్ష సవ్యంగా జరిగిందా? పూర్తిగా కాదు. ఆయన పేరు ఆయనకంటె ముందే పారిస్ చేరింది. కవిని చూడవచ్చినవారెవరో, బొమ్మలు చూడవచ్చినవారెవరో విడదీయలేము. అదే సంవత్సరం బర్మింగ్‌హామ్, బెర్లిన్, మాస్కో, న్యూయార్క్ ప్రదర్శనలకూ ఈ చిక్కు తప్పలేదు. వీటిలో నిగూఢ ఆధ్యాత్మిక సంకేతాలు వెతకడం పొరపాటని ఆనంద కుమారస్వామి అమెరికా ప్రదర్శన సందర్భంలో హెచ్చరించవలసి వచ్చిందంటే, ప్రేక్షకులు వెతుకుతున్నదేమిటో ఊహించవచ్చు. 1931 చివర డెబ్భయ్యవ జన్మదినోత్సవాల్లో ఈ చిత్రాలు కలకత్తాకు వచ్చాయి. అక్కడా సందర్భం కవిదే.

అయినా ఆ ప్రయత్నం వృథా అనలేను. పొరుగువారు చదవలేని భాషలో రాసుకునే మనబోటివారికి ఆ కోరిక పరాయిది కాదు. తన పనిని దానిగా మాత్రమే చూసే ఒక అపరిచితుడి కోసం కళాకారుడు తలుపు తెరుస్తాడు. వచ్చేవారిలో ఎక్కువమంది పేరు చూసే వస్తారని తెలిసి కూడా తెరవడంలోనే ఉంది, డెబ్భయ్యేళ్ళ టాగోర్ సాహసం.