పైకప్పులో పగులు

దయ్యం సినిమాలో కిటికీ టపటపలాడితే మనకు వెంటనే దయ్యమే తోస్తుంది. బాబక్ అన్వరీ 2016లో తీసిన ఫార్సీ చిత్రం ‘అండర్ ది షాడో’లో ముందు తోచేది క్షిపణి. కథాకాలం 1988. ఇరాన్‌తో యుద్ధంలో ఇరాక్ టెహ్రాన్ మీద క్షిపణులు కురిపిస్తున్న రోజులు. అద్దాలు పగిలి మీద పడకుండా కిటికీలకు టేపులు అంటించి ఉంటాయి. సైరన్ మోగితే అందరూ నేలమాళిగకు పరుగెత్తాల్సిందే.

కథానాయిక షిదే వైద్యవిద్యార్థినిగా ఉన్నప్పుడు రాజకీయాల్లో పాల్గొంది. అందుకని మళ్లీ చదువుకోనివ్వరు. డాక్టరైన భర్తను యుద్ధభూమికి పంపారు. ఆరేళ్లయినా నిండినట్టు లేని కూతురు దోర్సాతో ఆమె ఆ ఇంట్లోనే మొండిగా ఉండిపోతుంది. ఒకరోజు పై వాటాలో క్షిపణి పడుతుంది కానీ పేలదు. వీళ్ల పైకప్పు మాత్రం పగులుతుంది. ఆ పగులులోంచే జిన్ అనే దయ్యం దిగివచ్చిందని పాప నమ్ముతుంది. యుద్ధం చేసిన గాయమే దయ్యానికి దారి కావడం ఎంత గట్టి కథాశిల్పమో చూడండి! ఆ తర్వాత ఇంట్లో ఏది కదిలినా రెండు కారణాలు కనిపిస్తాయి, రెండూ నమ్మేలాగే ఉంటాయి.

ఇక్కడి జిన్ మనకు ప్రియమైన వస్తువును పట్టుకుంటుంది, దాని ద్వారా మనల్ని వదలదు. పాప బొమ్మ కిమియా మాయమవుతుంది. తల్లి రహస్యంగా చూసుకునే జేన్ ఫోండా వ్యాయామ వీడియో క్యాసెట్ పాడైపోతుంది. నువ్వు తీశావంటే నువ్వు తీశావని తల్లీకూతుళ్లు ఒకరినొకరు అనుమానిస్తారు. నాకు ఒళ్లు జలదరించింది ఆ అనుమానానికే. ఫోన్‌లో భర్త గొంతు నువ్వు తల్లివేనా అన్నట్టు తిట్టడం మొదలుపెట్టినప్పుడు, అది షిదే లోలోపల ఎప్పటినుంచో వింటున్న మాటేనని ఆ పాత్రలో నటించిన నర్గిస్ రషీదీ ముఖం చెబుతుంది.

అన్నిటికన్నా గొప్ప ఘట్టం వీధిలో జరుగుతుంది. భయంతో పాపనెత్తుకుని ఆమె తల మీద ముసుగైనా లేకుండా బయటికి పరుగెత్తితే, గస్తీవాళ్లు పట్టుకుని, ముసుగు లేనందుకు బెదిరించి ఇంటికే పంపుతారు. ఆ ఇంట్లో ఆమె కోసం కాచుకున్న జిన్ రూపమేమో గాలిలో తేలే చాదర్, అంటే ఒళ్లంతా కప్పే ముసుగు! లోపలా బయటా ఆమెను తరుముతున్నది ఒకే గుడ్డ. ఈ సంగతిని ఒక్క సంభాషణలో కూడా చెప్పించని అన్వరీ నిగ్రహానికి నమస్కరించాలి.

చివర్లో ఆ చాదర్ తెరంతా కప్పేసేటప్పుడు గ్రాఫిక్స్ హంగు కాస్త ఎక్కువైంది. అయినా 84 నిమిషాల్లో ఇంత బిగువుగా అల్లిన కథకు, మన హారర్ అభిమానుల జాబితాల్లో ‘ది కంజురింగ్’ పక్కనే చోటుండాలి.