మధ్యాహ్నానికి మాయమయ్యే జబ్బు

పాత బండికి కరెంటు జబ్బు పట్టుకుందంటే మొదటి లక్షణం ఒకటే. మెకానిక్ షెడ్డు కనపడగానే తగ్గిపోతుంది. ఇంటి దగ్గర చెమటలు కారేదాకా కిక్కు కొట్టినా ఉలకని బండి, షెడ్డు ముందు ఒక్క కిక్కుకే అందుకుంటుంది. ఓనరు మొహం అప్పుడు చూడాలి. మెకానిక్ ఏమీ అనడు, స్పానర్ తుడుచుకుంటూ నవ్వుతాడు. ఆ నవ్వు భరించలేకే చాలామంది ఏదో ఒక పార్టు మార్పించుకుని ఇంటికెళతారు.

మా బావకు నిజాంపట్నం అవతల రొయ్యల చెరువుంది. చెరువు గట్టు మీద తిరగడానికి ఆర్ఎక్స్ 100 వాడతాడు. 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన బండి. 98 సీసీ ఇంజను, 11 హార్స్‌పవర్. ఇప్పుడు బాగా ఉన్నదానికి లక్ష దాటి అడుగుతున్నారు. బావకు ఆ మోజేం లేదు. చేతికొచ్చిన బండి, పనికొస్తోంది, అంతే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఆ బండి రాత్రంతా వసారాలో తడిసింది. మర్నాడు తుడిచి స్టార్ట్ చేస్తే మామూలుగానే నడిచింది. అసలు బాధ మాఘమాసం మంచు మొదలయ్యాక వచ్చింది. తెల్లారుజామున మేత చల్లడానికి బయల్దేరితే స్టార్టవదు. కిక్కు కొడితే దగ్గు కూడా రాదు. ఇద్దరు పాలేర్లు తోస్తే ఒక్కోసారి అంటుకునేది. పది గంటల ఎండ పడ్డాక మాత్రం చిన్నపిల్లాడు తన్నినా స్టార్టయ్యేది.

రేపల్లెలో ప్లగ్గు మార్చారు. నాలుగు రోజులు బాగుంది. కాయిల్ మార్చారు, వారం బాగుంది. సీడీఐ పెట్టె మార్చారు, ఈసారి పక్షం రోజులు. కొత్త పార్టు వేసిన ప్రతిసారీ జబ్బు తగ్గడం, మళ్లీ తిరగబెట్టడం చూసి బావ నేరం డూప్లికేట్ పార్టుల మీద వేశాడు. నా లెక్క వేరు. పార్టు మార్చేముందు జబ్బు వెతుకుతూ హెడ్‌లైట్ డూమ్ విప్పుతారు, వైర్లు కదుపుతారు, కప్లర్లు లాగి మళ్లీ నొక్కుతారు. అలా నొక్కినప్పుడల్లా పిన్నుల మీది చిలుము కొంత రాసుకుని ఊడుతుంది, తడి ఆరుతుంది, జబ్బు కొన్నాళ్లు నెమ్మదిస్తుంది. ఆ పేరంతా కొత్త పార్టుకు పోతుంది. పాత బళ్ల వైరింగ్‌లో ఇంత ఖరీదైన భ్రమ ఇంకోటి లేదు. పని చేసింది పార్టు కాదు, దాన్ని బిగించిన చెయ్యి.

రాజ్‌దూత్, యెజ్డీల కాలంలో పాయింట్లుండేవి. మూత తీస్తే కంటికి కనపడేవి, గరుకు కాయితంతో రెండుసార్లు రుద్దితే మళ్లీ మెరిసేవి. సీడీఐ వచ్చాక అంతా నల్ల పెట్టెలోకి పోయింది. పెట్టెలో ఏముందో కనపడదు కాబట్టి నేరమంతా దాని మీదికే నెట్టడం తేలిక. నిజానికి దాని పని అంత చిక్కైందేం కాదు. ఆర్ఎక్స్ 100 ఇంజనుకు బ్యాటరీతో పని లేదు, పీకి పక్కన పెట్టినా నడుస్తుంది. కిక్కుకు మేగ్నెట్ తిరుగుతుంది. దాని లోపలి కాయిల్ వంద వోల్టులకు పైగా పుట్టించి సీడీఐలోని కెపాసిటర్‌ను నింపుతుంది. పల్సర్ కాయిల్ సైగ అందగానే ఆ నిండినదంతా ఒక్క ఊపున ఇగ్నిషన్ కాయిల్‌లోకి పోయి, అక్కడ వేల వోల్టులై ప్లగ్గు మొనన మెరుస్తుంది. “హారన్ అంత గట్టిగా మోగుతుంటే కరెంటు లేదంటావేంటి బావా?” అని మా బావ వాదించాడు. హారన్ దారి వేరు, ప్లగ్గు దారి వేరు.

మరి తాళం తిప్పితే ఇంజను ఎలా ఆగుతుంది? తాళం కరెంటును తెంచుతుందని అందరూ అనుకుంటారు. ఈ బండిలో జరిగేది దానికి తలకిందులు. తాళం ఆఫ్ చేస్తే నలుపు మీద తెల్లచార వైరు నల్ల వైరుకు, అంటే ఎర్తుకు కలుస్తుంది. సీడీఐకి చేరాల్సిన కరెంటు ఎర్తులోకి దిగిపోతుంది. ఆన్ చెయ్యడమంటే ఆ రెంటినీ విడదీయడమే. ఆ వైరుకు దారిలో ఎక్కడ తూటు పడినా కాలవ గట్టుకు ఎలుక బొక్క పడినట్టే, చివరి పొలానికి నీరందదు. తోస్తే ఎందుకు అంటుకునేదో ఇక్కడ తెలుస్తుంది. తోసినప్పుడు మేగ్నెట్ కిక్కు కన్నా జోరుగా తిరుగుతుంది, కరెంటు ఎక్కువ పుడుతుంది, కారేది కారిపోగా ప్లగ్గుకు సరిపడా మిగులుతుంది. బావ ఆ లక్షణాన్ని మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉన్నాడు, ఎవరూ చెవిన వేసుకోలేదు.

బాపట్లలో ఒకతను మీటరు పెట్టి చూశాడు. పద్ధతిగానే చూశాడు. తాళం ఆన్‌లో ఉంచి ఆ వైరుకూ ఎర్తుకూ మధ్య బజర్ పెడితే మోగలేదు. షార్ట్ లేదన్నాడు. బజర్ మోగాలంటే రెండు కొసలూ దాదాపు నేరుగా అతుక్కుని ఉండాలి, కొన్ని పదుల ఓమ్‌లు దాటితే అది నోరు మెదపదు. వేల ఓమ్‌ల చెమ్మ దారి దానికి లెక్కలోకి రాదు. పైగా మీటరు ఆ వైరు మీద పెట్టేది ఒకటి రెండు వోల్టులు, కిక్కు కొట్టినప్పుడు అదే వైరు మీద నిలబడేది వందకు పైగా వోల్టులు. అన్నిటికీ మించి అతను చూసింది మధ్యాహ్నం రెండింటికి, ఎండలో. రోగి లేని మంచానికి నాడి చూసినా అంతే తెలుస్తుంది.

2022లో జిల్లాలు విడిపోయి రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్లింది, తెనాలి గుంటూరులోనే ఉంది. అయినా రేపల్లె వైపు బండికి మొండి జబ్బు చేస్తే చివరికి తెనాలే తీసుకొస్తారు. బావ కూడా తెచ్చాడు, వచ్చేసరికి బండి దివ్యంగా ఉంది. విసిగిపోయి తుక్కు కింద అమ్మేస్తానన్నాడు. తెనాలిలో ఆ మాట అనకూడదు. కాటూరి వెంకటేశ్వరరావు గారి సూర్య శిల్పశాలలో పాత బళ్ల గేర్లు, చైన్లు, నట్లు, బోల్టులతో నిలువెత్తు విగ్రహాలు చేస్తారు, 2021లో 14 అడుగుల మోదీ విగ్రహం చేసింది అలాగే. అమ్మితే బావ బండి గేరు ఏ నాయకుడి మోచేతిలోనో తేలేది.

నాకు తెలిసిన పెద్ద మెకానిక్ ఒకాయన ఉన్నాడు, ఊరంతా బాబాయ్ అనే పిలుస్తారు. కథంతా విని బండి వైపు కూడా చూడలేదు. “ఇక్కడ దీనికి జబ్బు లేదు నాయనా. జబ్బున్న చోటికి, ఆ వేళకే నన్ను తీసుకెళ్లు” అన్నాడు.

తెల్లారకముందే చెరువు గట్టు మీదికి చేరాం. సీటు మీద చెయ్యి వేస్తే తడి, ట్యాంకు మీద వేలితో రాస్తే గీత పడుతోంది. బాబాయ్ ముందు ప్లగ్గు ఊడదీసి, క్యాపుకు తగిలించి, దాని ఒంటిని సిలిండర్ హెడ్డుకు ఆనించి నన్ను కిక్కు కొట్టమన్నాడు. ప్లగ్గును గాలిలో వేలాడదీసి కిక్కు కొట్టే అలవాటు చాలామందికుంది. కరెంటు పోవడానికి దారి దొరక్క కాయిల్‌నే కాల్చేస్తుంది, లేదా పట్టుకున్నవాడి చేతిని వెతుక్కుంటుంది. చీకట్లో కళ్లు చించుకుని చూశాం. మెరుపు లేదు. ప్లగ్గు బిగించి, డూమ్ విప్పి, నలుపు-తెలుపు వైరు జాయింటు లాగేసి మళ్లీ కొట్టమన్నాడు. అంతే, బండి అందుకుంది. రొయ్యల చెరువు మీద నీలిపొగ పరుచుకుంది. ఆపుదామంటే తాళం పని చెయ్యదు కదా, బ్రేకు తొక్కి పట్టి గేరులో క్లచ్ వదిలి ఆపాడు. తర్వాత ఆ జాయింటు కలిపేసి, తాళం స్విచ్ కప్లర్ మాత్రం లాగి చూశాడు. అప్పుడూ అందుకుంది. అంటే వైరు మంచిదే, దొంగ స్విచ్‌లోనే ఉంది.

స్విచ్ వెనక బిళ్ల ఊడదీస్తే ఇత్తడి ముక్కల చుట్టూ ఆకుపచ్చ చిలుము, వాటి మధ్య ఫైబర్ మీద పలుచటి తెల్లపొర. బాబాయ్ వేలికొసకు అంటించుకుని నాలిక మీద పెట్టుకున్నాడు. తుపుక్కున ఉమ్మి, “మీ ఊరి ఉప్పే” అన్నాడు.

ఎండిన ఉప్పులో కరెంటు పారదు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని తానే కరుగుతుంది, కరిగిన ఉప్పునీట్లో కరెంటు చక్కగా పారుతుంది. తీరంలో శీతాకాలపు తెల్లవారుజామున తేమ ఆ గీతను సులువుగా దాటుతుంది, పొద్దెక్కితే దిగుతుంది. బండి జబ్బు గడియారం పెట్టుకుని వచ్చినట్టు రావడానికి కారణం ఇంతే. నలభై కిలోమీటర్లు లోపలికొచ్చి మధ్యాహ్నం తెనాలిలో నిలబడితే స్విచ్‌లో ఉప్పు ఉన్నా అది ఉత్త దుమ్ము.

శుభ్రం చెయ్యడంలోనూ ఒక మెలిక ఉంది. షెడ్లలో ఏది తెచ్చినా పెట్రోల్లో ముంచి కడుగుతారు. జిడ్డు పోతుంది, ఉప్పు పోదు. ఉప్పు పెట్రోల్లో కరగదు. బాబాయ్ మంచినీళ్లు అడిగాడు. స్విచ్‌ను నీళ్లలో ముంచుతుంటే బావ గుండె పట్టుకున్నాడు. నీళ్లు మార్చి మార్చి కడిగి, పాత టూత్‌బ్రష్‌తో చిలుము గీకి, ఇంజను సైలెన్సర్ దగ్గర వేడికి పెట్టి, తర్వాత ఎండలో ఆరబెట్టి, ఇత్తడి ముక్కల మీద వాజలైన్ పలచగా పూసి బిగించాడు. కప్లర్లకూ అదే వైద్యం. కొత్త పార్టు ఒక్కటీ వెయ్యలేదు. డబ్బు తీసుకోనంటే బావ కిలో రొయ్యలు సంచిలో వేశాడు.

బండి ఇప్పుడు తెల్లారుజామునే స్టార్టవుతోంది. కొన్నాళ్లకు వెళ్లి చూస్తే, జాగ్రత్త ఎక్కువైన బావ తాళం చుట్టూ పాలిథిన్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేశాడు. గాలాడక తేమ లోపలే నిలిచిపోతుంది, తీసెయ్యమని చెప్పాను. “ఇన్నాళ్లూ మీ మాటలు వినే కదా బావా, మూడు పార్టులు కొన్నాను” అన్నాడు.