పాత వీడియో కెమేరా: నిర్మాణంపై ఒక విమర్శ

ఒక యంత్రాన్ని పరీక్షించేటప్పుడు అది ఏమి చేయగలదో అడిగితే చాలదు. చెడిపోయినప్పుడు దానిని బాగుచేయడం ఎట్లా అని కూడా అడగవలెను. 1980, 1990 దశకాలలో ఇళ్ళకు చేరిన వీడియో కెమేరాలు మొదటి ప్రశ్నకు మెచ్చదగిన జవాబు చెప్పాయి. రెండవ ప్రశ్న దగ్గర తడబడ్డాయి.

ముందుగా మెప్పును గురించి చెప్పడం న్యాయం. 1983లో సోనీ సంస్థ విడుదల చేసిన బీటామూవీ కెమేరానూ రికార్డరునూ ఒకే పెట్టెలో ఇమిడ్చింది. అయినా దానిని భుజంమీద మోయవలసి వచ్చేది. 1989లో అదే సంస్థ తెచ్చిన సీసీడీ-టీఆర్55 బరువు 790 గ్రాములు మాత్రమే. అరచేతిలో పట్టే ఆ పెట్టెలోనే కటకమూ, మోటార్లూ, 8 మిల్లీమీటర్ల టేపును చదివే డ్రమ్మూ ఉండేవి. మన దేశం అనుసరించిన పాల్ పద్ధతిలో అట్టి డ్రమ్ము సెకనుకు 25 సార్లు తిరుగుతుంది. ఇంత పనితనాన్ని ఇంత చోటులో అమర్చడానికి విడిభాగాల కాళ్ళను రంధ్రాలలో దూర్చే పాత పద్ధతిని చాలావరకు వదలి, వాటిని పలక ఉపరితలం మీదనే సోల్డరు చేశారు. వాటిలో కందిగింజకు కొంచెం పెద్దవైన అల్యూమినియం కెపాసిటర్లు ముఖ్యమైనవి. చిక్కంతా వాటితోనే వచ్చింది.

రెండు లోహపు రేకుల మధ్య విద్యుత్తును పోనివ్వని పొర ఉంచితే కెపాసిటరు అవుతుంది. పంకాలు బాగుచేసేవారు కండెన్సరు అనేది దీనినే. రేకుల వైశాల్యం పెరిగినకొద్దీ, మధ్యపొర పలచనైనకొద్దీ అది నిలువచేయగల విద్యుదావేశం పెరుగుతుంది. అల్యూమినియం కెపాసిటరులో ఈ పొర అల్యూమినియం ఆక్సైడు. దీనిని రేకుపై వోల్టుకు సుమారు 1.4 నానోమీటర్ల మందాన పెంచుతారు. 10 వోల్టులకు పెంచిన పొర 14 నానోమీటర్లు. మిల్లీమీటరులో పదోవంతు మందంగల కాగితం దీనికి ఏడువేల రెట్లు! ఆ పొరకు అవతల రెండవ పలకగా పనిచేసేది కాగితంలో ఇంకిన ద్రవం. ఆ ద్రవం ఉన్నంతకాలమే కెపాసిటరు ఆయుష్షు.

ద్రవం రెండు విధాల పోతుంది. మొదటిది ఎండిపోవడం. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగమవుతుందని ఇంజనీర్ల లెక్క. రెండవది కారిపోవడం. ఆ కాలపు కొన్ని చిన్న కెపాసిటర్లలో, నిరోధం తక్కువగా ఉండడానికి, క్వాటర్నరీ అమ్మోనియం లవణాలు కలిపిన ద్రవం వాడారు. రుణధ్రువం వద్ద జరిగే చర్యలో గాఢమైన క్షారం పుడుతుంది. అది అడుగునున్న రబ్బరు బిరడాను తిని, బయటికి కారి, పలకమీది రాగి దారులను కొరుకుతుంది. కెమేరాను బీరువాలో పెట్టి మరచినా, ఒకసారి కారిన ద్రవం తన పని మానదు.

అప్పుడు బొమ్మలో గీతలు పడతాయి, చూపుగవాక్షం చీకటవుతుంది, లేదా మీట నొక్కినా చలనం ఉండదు. ఒకే లక్షణానికి అనేక కారణాలు ఉండవచ్చును గనుక దోషం ఎక్కడున్నదో పట్టడం కష్టం. మడతలు పెట్టిన పలకలనూ, సున్నితమైన రిబ్బను తీగలనూ విప్పి లోపలికి పోయినా, సోల్డరింగ్ వేడికి తుప్పుపట్టిన రాగి ముక్క కెపాసిటరుతోపాటే ఊడివస్తుంది. చెడినదానికి బదులు టాంటలమ్ రకం వేయబోతే మరొక చిక్కు: అల్యూమినియం రకంపై నల్లగీత రుణధ్రువానికి గుర్తు, టాంటలమ్ రకంపై గీత ధనధ్రువానికి గుర్తు. పొరపాటున తిరగవేస్తే కొత్తదీ కాలిపోవచ్చును.

చిన్న కెమేరానే జనం కోరారని నిర్మాతల పక్షాన చెప్పవచ్చును. అది నిజమే. కెపాసిటరు చావడం కూడా తప్పు కాదు. బండి చక్రానికి టైరు అరగదా? కాని టైరు అరుగుతుందని తెలిసినవాడు చక్రానికి నట్లు పెట్టాడు. ఈ కెమేరాలలో ముందుగా చెడే భాగాన్ని అందరికంటె లోపల దాచారు. మరమ్మతు పుస్తకాలు కూడా ఎక్కువగా అధీకృత కేంద్రాలకే చేరాయి. అరిగే భాగాలను ఒక విడి పలకపై, చేతికందేచోట అమర్చి, విలువనూ ధ్రువాలనూ పలకపైననే ముద్రించి ఉంటే, పెట్టె అరంగుళం పెరిగినా నష్టం స్వల్పం.

లాభమో? టేపు చాలా చోట్ల ఇంకా బాగానే ఉన్నది. చదివే యంత్రమే పోయింది. 8 మిల్లీమీటర్ల టేపు వీహెచ్‌ఎస్ యంత్రంలో పట్టదు. దానిని చదివే యంత్రాన్ని కొత్తగా ఎవరూ తయారుచేయడం లేదు. తాతగారి గొంతు, పాపాయి తొలి అడుగు, ఒక పాఠశాల వార్షికోత్సవం – ఇవి పోతే తిరిగి తీయడం సాధ్యం కాదు. జ్ఞాపకాన్ని దాచడానికి కొన్న యంత్రమే ఆ జ్ఞాపకానికి తాళంగా మారడం ఈ నిర్మాణంలోని పెద్ద లోపం.

కాబట్టి ఇంట్లో నడుస్తున్న పాత కెమేరా ఉన్నవారు టేపులను ఇప్పుడే డిజిటల్ ప్రతులుగా మార్చుకొనడం మేలు. రేపటి యంత్రాలను రూపొందించబోయే విద్యార్థులు, గీసే ప్రతి పటంలోనూ ముందుగా చెడేది ఏది, దానిని మార్చడానికి దారి ఏది అని గుర్తించడం నేర్చుకొనవలెను.