ఉప్పు, ఉష్ణం, బంగారు నానోకణాలు: శాస్త్రవచనంలో క్రియాపద ఔచిత్యం

కీలకపదాలు: శాస్త్రవచనం, క్రియాపదం, నానోకణాలు, పాలిమర్, లవణాలు.

1. ఉపోద్ఘాతం
శాస్త్రపరిభాషపై చర్చ తరచుగా నామవాచకాల వద్దే ఆగిపోతుంది. కాని ప్రక్రియ ఎలా జరుగుతుందో తెలిపేది క్రియాపదం. ఉష్ణానికి స్పందించే పాలిమర్ పూత గల బంగారు నానోకణాలపై ఉప్పు ప్రభావాన్ని తెలుగులో వివరించే సందర్భం ఇందుకు తగిన నికషం.

2. విరగడం
కెంపురంగు బంగారు ద్రవంలో ఉప్పు కలిపితే అది నీలిరంగుకు మారడాన్ని మైకేల్ ఫారడే 1857లో వివరించాడు. కణాల విద్యుదావేశాల మధ్య వికర్షణను ఉప్పు బలహీనపరుస్తుంది. కణాలు దగ్గరై రంగు మారుతుంది. రక్షకపూత లేని ఆ కణాలు మళ్లీ సులభంగా విడిపోవు. 'పాలు విరిగాయి' అనే వాడుకలోని క్రియ ఇక్కడ ఉచితం.

3. ముడుచుకోవడం, గుమిగూడడం
పాలీ ఎన్-ఐసోప్రొపైల్ అక్రిలమైడ్ పూత ఉన్నప్పుడు స్థితి వేరు. దాదాపు 32 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన దాని గొలుసులు నీటిని పట్టుకొని విచ్చుకుంటాయి. ఎగువన నీటిని వదిలి ముడుచుకుంటాయి. గొలుసులు ముడుచుకున్నంత మాత్రాన కణాలు గుమిగూడవలసిన అవసరం లేదు. మిగిలిన ఆవేశం వాటిని ఎడంగా ఉంచగలదు. తగినంత ఉప్పు ఉంటే ఆ అడ్డు తొలగి, అవి వేడికి గుమిగూడి, చల్లబరచినప్పుడు తిరిగి విడిపోగలవు. రెండు ఘట్టాలనూ 'గడ్డకట్టడం' అనే ఒకే క్రియతో చెబితే ఉప్పు పాత్ర మరుగున పడుతుంది. 'పేరుకోవడం' తిరిగి మారగల స్థితిని స్ఫురింపజేస్తుంది. కాని నెయ్యి చలికి పేరుకుంటుంది, ఈ కణాలు వేడికి గుమిగూడుతాయి.

4. ఉప్పు, లవణాలు
గొలుసులు ముడుచుకొనే ఉష్ణోగ్రతను కూడా ఉప్పు మారుస్తుంది. అయితే అన్ని లవణాలూ ఒకే విధంగా పనిచేయవు. గుడ్డు తెల్లసొనలోని ప్రోటీన్లను అవక్షేపింపజేయడంలో లవణాల శక్తిభేదాన్ని ఫ్రాంజ్ హాఫ్‌మైస్టర్ 1888లో చూపాడు. ఈ పాలిమర్ విషయంలోనూ ఆ క్రమం కనిపిస్తుంది: సోడియం సల్ఫేట్ ఆ ఉష్ణోగ్రతను బాగా తగ్గిస్తుంది, సోడియం క్లోరైడ్ అంతగా తగ్గించదు, సోడియం థయోసయనేట్ తక్కువ గాఢతలో కొద్దిగా పెంచుతుంది. కనుక 'ఉప్పు కలిపితే ఉష్ణోగ్రత తగ్గుతుంది' అనే వాక్యం వ్యాకరణరీత్యా నిర్దుష్టమే అయినా శాస్త్రరీత్యా అసంపూర్ణం. వాడుకలో 'ఉప్పు' వంటగదిలోని సోడియం క్లోరైడ్‌నే తలపిస్తుంది. అందువల్ల 'లవణాలు' అనే బహువచనమో, ఆయా లవణం పేరో వాడడం అవసరం.

5. ముగింపు
గొలుసుకు 'ముడుచుకోవడం', కణసమూహానికి 'గుమిగూడడం', తిరిగిరాని మార్పుకు 'విరగడం' అనే విభజన పాటిస్తే కొత్త పదాలు కల్పించనవసరం లేకుండానే స్పష్టత సిద్ధిస్తుంది. తెలుగులో చదివే విద్యార్థి ప్రయోగఫలితాన్ని ముందుగా ఊహించేది వాక్యంలోని క్రియను బట్టే. క్రియ తప్పితే ఆ ఊహ కూడా తప్పుతుంది.