ఇచ్చిన బొమ్మ, పెట్టే చోటు

మన ఊళ్ల పాత గ్రంథాలయాల్లో తలెత్తి చూస్తే ఫ్యాను రెక్కల మీద పేర్లుంటాయి. బీరువా తలుపు మీద ఇంకో పేరు, బల్ల అంచున మరొకటి. ఫలానా వారి జ్ఞాపకార్థం, వారి కుమారులు. ఆ పేర్లంటే నాకు గౌరవం. మన గ్రంథాలయాలు చాలావరకు నిలబడింది అలా ఇచ్చినవాళ్ల వల్లే. అయితే ఫ్యానో బీరువానో ఇస్తే ఎక్కడ పెట్టాలన్న చర్చ రాదు. బొమ్మ ఇస్తే అలా కుదరదు. దానికి గోడ కావాలి, తగిన వెలుతురు కావాలి, చదువుకోవడానికి వచ్చినవాళ్ల చూపు కూడా కావాలి. అందుకే తీసుకోవాలా వద్దా అన్న మాటను, ఎక్కడ పెడతాం అన్న మాటను నేను విడదీయను. తగిన చోటు లేకపోతే ఎంత మంచి బొమ్మనైనా దణ్ణం పెట్టి వద్దనడమే మేలు.

ఓ శాఖా గ్రంథాలయం కమిటీలో ఉన్నందువల్ల ఈ పని నా వంతుకు తరచూ వస్తుంటుంది. ఈమధ్య రిటైరైన డ్రాయింగు మాస్టారొకరు తన దగ్గరున్న చేర్యాల పటం ఇస్తానన్నారు. ఎర్రటి నేల మీద అరలు అరలుగా కథ నడిచే నిలువు పటం. పేపర్ల బల్లకు ఎదురుగోడ మీద వేలాడదీద్దామని కమిటీ అంతా ఒక్కమాటగా అంది. నేను ఒక పూట గడువడిగి, వెళ్లి ఆ హాల్లో కూర్చున్నాను.

మధ్యాహ్నం మూడు దాటాక పడమటి కిటికీలోంచి ఎండ సరిగ్గా ఆ గోడ మీదికే వచ్చింది. పైగా డాబా నీళ్ల గొట్టం ఆ గోడ వెనకనుంచే దిగుతుంది. అరచెయ్యి ఆనిస్తే చల్లగా తగిలింది, సున్నం పొడి వేళ్లకంటుకుంది. చేర్యాల పటమంటే ఖద్దరు గుడ్డ. దాని మీద గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి కలిపి పట్టించిన పూత ఉంటుంది. పురుగులకు అది మంచి తిండి. చెమ్మ తగిలితే పూత పొరలుగా లేస్తుంది, ఎండ తగిలితే రంగు వెలిసిపోతుంది. గుడ్డ మీది బొమ్మలకు సుమారు 50 లక్సులు చాలంటారు మ్యూజియంలవాళ్లు. చదివే బల్ల మీద 300 నుంచి 500 లక్సులైనా ఉండాలి. బొమ్మకు సరిపడే వెలుతురులో మనం పేపరు చదవలేం, పేపరుకు సరిపడే వెలుతురులో బొమ్మ నాలుగు కాలాలు నిలవదు.

ఆ గోడకు వేరే హక్కుదారులూ ఉన్నారు. గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదివే పిల్లలు తలుపులు తీయకముందే వచ్చి నిలబడతారు. కుర్చీ దొరకనివాళ్లు ఆ గోడకే చేరగిలబడి నేలమీద కూర్చుంటారు. పటం పెడితే వాళ్లను లేపాలి. అది నాకు ససేమిరా ఇష్టం లేదు. గ్రంథాలయం పెరుగుతూనే ఉంటుందన్నది గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రాల్లో చివరిది. ఇవాళ ఖాళీగా కనిపించే గోడకు రేపు ర్యాకు రావచ్చు.

ఇలాంటి తర్జనభర్జన వచ్చినప్పుడల్లా నాకు బోస్టన్ పబ్లిక్ లైబ్రరీ గుర్తొస్తుంది. 1895లో తెరిచిన ఆ భవనానికి ఆర్కిటెక్టు చార్లెస్ మెకిమ్. శిల్పి ఫ్రెడరిక్ మాక్‌మోనీస్ తనకిచ్చిన కంచు విగ్రహాన్ని మెకిమ్, చనిపోయిన తన భార్య జ్ఞాపకార్థం గ్రంథాలయానికి ఇవ్వజూపాడు. ఒక చేత్తో ద్రాక్షగుత్తి పైకెత్తి, ఇంకో చేత్తో పసిబిడ్డను పట్టుకుని, నవ్వుతూ ఒంటికాలి మీద నాట్యమాడే నగ్న యువతి. తాగి ఆడే ఆడమనిషిని, అదీ చంటిబిడ్డతో, చదువుల చోట నిలబెడతారా అని ఊళ్లో పెద్ద గొడవైంది. చివరికి 1897లో మెకిమ్ దాన్ని వెనక్కి తీసుకుని న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చేశాడు. నేను మెకిమ్ పక్షమే. ఆయన ఎంచిన చోటు భవనం లోపలి ముంగిలి. కంచుకు ఎండా వానా లెక్కలేదు. అక్కడ చదువు సాగదు, మనుషులు నడుస్తారు. చూడాలనుకున్నవాళ్లు ఆగి చూస్తారు, వద్దనుకున్నవాళ్లు దాటిపోతారు. దాదాపు నూరేళ్ల తర్వాత ఆ విగ్రహం నకలును అదే ముంగిట్లో నిలబెట్టారు.

మా పటానికీ నేను మనుషులు నిలబడే చోటే వెతికాను. పుస్తకాలు రాయించుకునే కౌంటరు పక్కన లోపలి గోడ ఉంది. ఎండ రాదు, చెమ్మ లేదు. మాస్టారు చిన్నబుచ్చుకున్నారు. "అందరూ కూర్చునే హాల్లో వద్దా సార్, మూలకు పెడితే ఎవరు చూస్తారు?" అన్నారు.

"హాల్లో అందరూ పేపర్లో తలదూర్చి ఉంటారు మాస్టారూ. ఇక్కడైతే పుస్తకం రాసిచ్చేదాకా ప్రతివాళ్లూ నిలబడాల్సిందే" అన్నాను.

ఆయన వెళ్లి కౌంటరు ముందు నిలబడ్డారు. పై అర నుంచి కింది అర దాకా కథంతా ఓసారి చూసుకున్నారు. "అయితే ఇంకో జానెడు కిందికి దించండి. చివరి అర పిల్లల కళ్లకందాలి" అన్నారు. అలాగే దించాం. గోడకూ చట్రానికీ మధ్య గాలాడేందుకు సందు వదిలి, ముందు అద్దం బిగించాం.

ఇక కాగితం. దాతతో కాగితం రాయించుకోవడం మర్యాద కాదనుకుంటారు మనవాళ్లు. నాకు మాత్రం అదే అసలైన మర్యాద. ఇచ్చిన బొమ్మ రేపు ఏమవుతుందో ముందే తేల్చుకోవాలి. ఆషర్ డ్యురాండ్ 1849లో వేసిన 'కిండ్రెడ్ స్పిరిట్స్' చిత్రంలో కవి బ్రయంట్, చిత్రకారుడు థామస్ కోల్ కొండ చరియ మీద నిలబడి ఉంటారు. బ్రయంట్ కూతురు 1904లో దాన్ని న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీకి ఇచ్చింది. 2005లో లైబ్రరీ దాన్ని అమ్మేసింది. సుమారు మూడున్నర కోట్ల డాలర్లు వచ్చాయని పత్రికలు రాశాయి. లైబ్రరీకి డబ్బు అవసరాలుంటాయి, కాదనను. కానీ నూరేళ్లు ఆ ఊరి బొమ్మగా బతికింది వేలంలో పోతే ఆ ఊరివాళ్లు బాధపడ్డారంటే అందులో తప్పేం లేదు.

మా కాగితంలో మూడు సంగతులు రాశాం. అవసరమైతే చోటు మార్చే హక్కు గ్రంథాలయానిది. పేరు పలక పటం పక్కనే, అరచేయంత. ఏటా వానాకాలం పోయాక పటం దించి వెనక వైపు చూడాలి. మాస్టారు అంతా చదివి, కింద తన చేత్తో ఇంకొకటి చేర్చారు. గ్రంథాలయానికి ఇది అక్కర్లేని రోజు వస్తే, అమ్మకుండా ముందు తను పనిచేసిన హైస్కూలును అడగాలని. కమిటీ ఒప్పుకుంది. ఇకమీదట బొమ్మలిచ్చే ఎవరి కాగితంలోనైనా ఆ సంగతికి చోటు వదులుతున్నాం.